కారు నిలబడితే బ్యాటరీ ఏమవుతుంది?

శ్రోతలకు నమస్కారం.

కారు తిరిగితే బ్యాటరీ అరిగిపోతుందని చాలామంది భయం. తిరగడం కంటే నిలబడితేనే ఎక్కువ పాడవుతుంది. మళ్లీ చెబుతున్నా, నిలబడితేనే!

మా అపార్ట్‌మెంట్‌లో ఒక రిటైర్డ్ మాస్టారున్నారు. మనవరాలు పుట్టిందని దంపతులిద్దరూ అమెరికా వెళ్లారు. కారు సెల్లార్‌లో పెట్టి, కవరు కప్పి మరీ వెళ్లారు. ఆర్నెల్ల తర్వాత వచ్చి సెల్ఫ్ కొడితే చప్పుడే లేదు. "బండి కదలందే బ్యాటరీ ఎవరు వాడారండీ?" అంటూ వాచ్‌మన్ వైపు చూశారు, పాపం.

ఎవరూ వాడలేదు. కారే వాడుకుంది. తాళం తీసేసినా గడియారం, అలారం, లోపలి కంప్యూటరు కొంచెం కొంచెంగా కరెంటు లాగుతూనే ఉంటాయి. 30 మిల్లీయాంపులే అనుకోండి, రోజుకు 0.7 ఏహెచ్. ఏహెచ్ అంటే ఆంపియర్-అవర్, బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే లెక్క. మాస్టారి బ్యాటరీ 35 ఏహెచ్‌ది. అంటే 50 రోజులకు ఖాళీ! ఖాళీగా పడి ఉన్న బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది. తర్వాత ఎంత ఛార్జింగ్ పెట్టినా పూర్తిగా కోలుకోదు.

ఆ పైన ఒక షాపులో పాతకాలపు ఛార్జరుకు తగిలించి రాత్రంతా వదిలేశారు. తెల్లారేసరికి బ్యాటరీ పొట్ట ఉబ్బింది. మూతలున్న పాత రకమైతే తగ్గిన డిస్టిల్డ్ వాటర్ పోసుకోవచ్చు. సీల్డ్ బ్యాటరీలో ఆవిరైపోయిన నీళ్లు పోయినట్టే. అందుకే 14.4 వోల్టుల దగ్గర ఆగి, నిండాక తనంతట తానే 13.5కు దిగే ఛార్జరు కావాలి. ఛార్జింగ్ కరెంటు ఏహెచ్ అంకెలో పదో వంతు, మాస్టారి దానికి మూడున్నర ఆంపియర్లు. నన్నడిగితే, అలాంటి ఛార్జరు ఇంట్లో ఒకటుంటే మంచిది.

కొత్తది కొనేటప్పుడు అదే ఏహెచ్, టెర్మినళ్లు అదే వైపు ఉన్నవి తీసుకోండి. తయారైన నెల చూడండి. సిగ్నల్ దగ్గర ఇంజను తనంతట తానే ఆగి, మళ్లీ స్టార్టయ్యే రకం కారుకు ఏజీఎం, అంటే యాసిడ్‌ను గాజుపీచు పొరల్లో పీల్చి ఉంచే రకం బ్యాటరీ, ఇచ్చి ఉంటే ఏజీఎమ్మే వేయండి, అక్కడ పొదుపు వద్దు.

ఇక ఊరెళ్లే ముందు చేయాల్సింది ఒక్కటే. బ్యాటరీ నిండా ఛార్జ్ చేసి, నల్ల వైరు, అంటే నెగెటివ్ విప్పేయండి. చాలా కార్లకు 10 నంబరు స్పానరు సరిపోతుంది. రిమోట్ పనిచేయదు కాబట్టి డోరు తాళంచెవితోనే వేసుకోవాలి. తిరిగొచ్చాక వైరు బిగించి, గడియారం సరిచేసుకుంటే చాలు. నమస్కారం.