ఆకుపచ్చ వేయించాలా? ముందు గచ్చు చూడండి, తర్వాత ట్యూబ్‌లైటు

నమస్తే అండి. విజయనగరంలో మా ఇంటి హాల్లోంచి మాట్లాడుతున్నాను. నా వెనకాల కనిపిస్తున్న ఈ గోడ రంగు మూడోసారికి కుదిరింది. మొదటిసారి వేయించినప్పుడు మా అమ్మ గుమ్మంలో నిలబడి, "ఏట్రా ఇది, నూతి గోడకి పాచి పట్టినట్టుంది" అంది. రెండోసారి వేయించినది పగలంతా బాగానే ఉంది. సాయంత్రం ట్యూబ్‌లైటు వేశాక చూస్తే హాలు కాస్తా ఆసుపత్రి వార్డైపోయింది. పెయింటర్ తప్పు కాదు, షాపువాళ్ల తప్పూ కాదు. షాపులో ఇచ్చే రంగుల కార్డులో చిన్న ముక్క చూసి "ఇదే" అన్నది నేనే.

ఇంకో మాట. ఈ వీడియోని స్క్రీన్‌షాట్ తీసి షాపులో చూపించకండి. ఫోన్ కెమెరా వెలుగుని బట్టి రంగుల్ని తనే సర్దేస్తుంది. చూడండి, ఫోన్ కిటికీ వైపు తిప్పి మళ్లీ గోడ వైపు తెచ్చాను. అదే గోడ, రంగు మారిపోయింది కదా?

సరే, ఈ పళ్లెం చూడండి. ఇటు పక్క ఇప్పుడే దూసిన మునగాకు. అటు పక్క నీడలో ఎండబెట్టి కొట్టిన మునగాకు పొడి. రెండూ ఆకుపచ్చే. కానీ పొడిలో కొంచెం బూడిద, కొంచెం మట్టి కలిసినట్టుంటుంది. మనకి కావలసింది ఆ పొడి రంగు. షాపులో సేజ్ అంటారు, ఆలివ్ అంటారు. పిస్తా అని అడిగితే మాత్రం చాలాసార్లు ఇంకా మెరిసేది చేతికొస్తుంది, జాగ్రత్త. మిషన్‌లో ఈ రంగు కలిపేటప్పుడు ఆకుపచ్చలో కాస్త నలుపో, రెడ్ ఆక్సైడో పడుతుంది. పచ్చదనం అణిగేది దానివల్లే.

ఇలాంటి రంగుల్లో చిక్కేమిటంటే, లోపల కొంత పసుపో నీలమో దాగి ఉంటుంది. లేత ముక్క చూస్తే అది తెలియదు. కార్డు మీద ఒకే వరసలో పైనుంచి కిందికి రంగు చిక్కబడుతూ వస్తుంది కదా, అన్నిటికంటే కిందది చూడండి. అది ఆవపిండి వైపు పోతుంటే మీరు ఎంచుకున్న లేత రంగులో పసుపు ఉన్నట్టు. నెమలిపింఛం వైపు పోతుంటే నీలం ఉన్నట్టు. నా మొదటి రంగులో పసుపు ఎక్కువ, పైగా చిక్కన. మా హాలు ఉత్తరం వైపు. ఎండ నేరుగా పడేది తక్కువ, వచ్చేది ఎక్కువగా ఆకాశం వెలుగే. ఆ చల్లటి మసక వెలుగులో ఆ రంగు పాచే అయింది. కొన్ని కంపెనీల వెబ్‌సైట్లలో ప్రతి రంగుకీ ఎల్ఆర్‌వీ అని ఒక అంకె ఇస్తారు. 0 అంటే నలుపు, 100 అంటే తెలుపు. గోడ ఎంత వెలుగుని తిరిగి ఇస్తుందో చెప్పే లెక్క అది. వెలుతురు తక్కువున్న గదికి 50 దాటినవి చూడమంటాను. పడమటి గది వేరు. సాయంత్రం నాలుగు తర్వాత ఎండ లోపలికొచ్చి పసుపు పూసేస్తుంది కాబట్టి అక్కడ కాస్త నీలం ఉన్నదే నయం.

ఎదురింటి గోడని కూడా లెక్కలో వేసుకోండి. మన సందులు ఎంత ఇరుకో మీకు తెలుసు. ఎదురింటివాళ్లు నారింజ రంగు వేయిస్తే మధ్యాహ్నం ఆ రంగు మీ గోడ మీదకీ వస్తుంది.

ఇప్పుడు గచ్చు. మీకు పాతకాలం ఎర్రగచ్చు ఉంటే అదృష్టం అంటాను నేను. కానీ ఎరుపు పక్కన ఆకుపచ్చ ఉన్నదానికంటే పచ్చగా కనిపిస్తుంది. అందుకే మీకు నచ్చినదానికంటే ఒక మెట్టు బూడిద ఎక్కువున్నది తీసుకోండి. శ్రీకాకుళం వైపు టెక్కలి నీలి గ్రానైట్ వేయించుకున్న ఇళ్లుంటాయి. ఆ నేల మీద పసుపు ఉన్న ఆకుపచ్చ మాసినట్టు కనిపిస్తుంది, నీలం వైపుదే నప్పుతుంది. ఐవరీ టైల్స్ అయితే పసుపు వైపుదైనా ఇమిడిపోతుంది.

లైటు సంగతి. నా రెండో తప్పు ఇదే. బల్బు డబ్బా మీద 6500కె అని ఉంటే తెల్లటి చల్లని వెలుగు, 3000కె అంటే పసుపు రంగు వెచ్చని వెలుగు. నీలం ఉన్న రంగు వేయించి, పైన 6500కె ట్యూబ్ పెట్టాను. వార్డవక ఏమవుతుంది? ఆ గోడకి మళ్లీ రంగు వేయించాను గానీ, ఇప్పుడనిపిస్తుంది, ముందు ట్యూబ్ మార్చి చూడాల్సింది. 4000కె పెడితే సగం గొడవ తీరేది.

మరి చూసుకోవడం ఎలా? చిన్న శాంపిల్ డబ్బా కొనండి. పాత గోడ మీద పూయకండి, వెనకున్న పాత రంగు కంటిని మోసం చేస్తుంది. ఇదిగో, రెండడుగుల తెల్ల కార్డుబోర్డు. చుట్టూ రెండంగుళాల తెల్ల అంచు వదిలి రెండు కోట్లు వేశాను. పూర్తిగా ఆరనివ్వండి, తడిగా ఉన్నప్పటికీ ఆరాకకీ తేడా ఉంటుంది. దీన్ని పొద్దున ఒక గోడకి, మధ్యాహ్నం ఇంకో గోడకి, రాత్రి లైటు కింద, సోఫా పక్కన, అన్నిచోట్లా ఆనించి చూడండి. రెండు రోజులు అలాగే వదిలేయండి.

గోడకి చెమ్మ ఉంటే మాత్రం ఇవన్నీ ఆపి ముందు అది బాగుచేయించండి. చెమ్మతో గోడలోంచి ఉప్పు పొంగితే ఈ రంగు మీద తెల్ల మచ్చలు ఎంత దూరం నుంచైనా కనిపిస్తాయి. కొత్త ప్లాస్టరింగ్ అయితే 28 రోజులైనా ఆరనివ్వండి. పుట్టీ ఎగుడుదిగుడుగా ఉంటే మ్యాట్ వేయండి, మెరుపున్నది ప్రతి గీతనీ చూపిస్తుంది. వంటింటికి మాత్రం కడగగలిగేదే.

ఎంత పెయింట్ కావాలి? 12 బై 10 గది, పదడుగుల ఎత్తు అనుకుందాం. గోడలన్నీ కలిపి 440 చదరపు అడుగులు. తలుపులు, కిటికీలు తీసేస్తే సుమారు 380. రెండు కోట్లకి లీటరుకి 120 చదరపు అడుగులు వస్తుందనుకుంటే మూడు లీటర్ల పైచిలుకు. నాలుగు లీటర్ల డబ్బా తీసుకోండి. ఒకటి కంటే ఎక్కువ డబ్బాలైతే అన్నీ ఒకే రోజు కలిపించి, ఇంటికొచ్చాక పెద్ద బకెట్‌లో పోసి ఒకటి చేయండి. లేకపోతే గోడ మధ్యలో అతుకు కనిపిస్తుంది.

జతలకొస్తే, నాకు పడనిది ఒకటే: మూడు గోడలు పాలలాంటి తెలుపు, ఒక్క గోడ ఆకుపచ్చ. అతుకు వేసినట్టుంటుంది. వేస్తే నాలుగు గోడలకీ వేయండి. సీలింగ్‌కి మీగడ కలిసినట్టున్న తెలుపు చాలు. కర్టెన్లకి మా ఇంట్లో రంగు వేయని పొందూరు ఖాదీ కట్టాం, ఆ లేత గోధుమ రంగు ఈ గోడ పక్కన ఎంత ప్రశాంతంగా ఉందో చూడండి. చెక్కలో పనసకర్ర రంగు బాగా కలుస్తుంది. బొబ్బిలి వీణ చూశారు కదా, ఆ తేనె రంగు. ఇక ఇది శ్రీకాకుళం వైపు బుడితి ఊళ్లో చేసిన ఇత్తడి చెంబు. దీన్ని గోడ దగ్గరికి తెస్తున్నాను... చూశారా, వెనక ఆ రంగు ఉండేసరికి ఇత్తడి ఎలా వెలిగిందో! అదే తెల్లగోడ ముందు పెడితే మామూలు చెంబే.

మూడోసారి రంగు ఆరాక అమ్మని పిలిచాను. గోడని చేత్తో ఒకసారి తడిమి చూసింది. "ఇప్పుడు బాగుంది" అంది. తర్వాత చిలకపచ్చ తలుపు వైపు తిరిగి, "మరి దీన్నేటి సేస్తావు?" అంది. ఆ తలుపు పని వచ్చే వీడియోలో చూద్దాం.