గేర్‌బాక్స్ దించే ముందు

సభలో ఉన్న డ్రైవర్ సోదరులకు, మెకానిక్ పని నేర్చుకుంటున్న తమ్ముళ్లకు, సొంత కారు నడుపుకుంటూ దాని బాగోగులు తెలుసుకోవాలని వచ్చిన పెద్దలకు నమస్కారం.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే విషయం. గేరు సరిగా పడటం లేదని కారు మన దగ్గరికి వచ్చినప్పుడు తప్పు గేర్‌బాక్స్ లోపల ఉందా, బయట ఉందా అన్నది పానా పట్టకముందే తేల్చుకోవచ్చు, తేల్చుకొని తీరాలి. దీన్ని నేను ఒక రైతు సొమ్ము వృథా చేసి నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట దేవరకొండ వైపు నుంచి ఒకాయన పాత చిన్న కారు తెచ్చి, "అన్నా, ఫస్టు పడ్తలేదు, రివర్సు ఏస్తే గర్రుమంటున్నది" అన్నాడు. నేను ఇంకో మాట అడగకుండా గేర్‌బాక్స్ దించాను, గేరు చప్పుడు లేకుండా పడేట్టు చేసే సింక్రో రింగులు మార్చాను, క్లచ్ సెట్టు కొత్తది వేశాను. బిగించి ఇంజిన్ స్టార్ట్ చేస్తే అదే గర్రు. నేను క్లచ్ పెడల్ తొక్కుతుంటే బానెట్ వైపు నిలబడి చూస్తున్న కుర్రవాడు అప్పుడు చెప్పాడు, ఇంజిన్ వెనకాల రేకు పెడల్‌తో పాటు ముందుకూ వెనక్కూ ఊగుతోందని. క్లచ్ కేబుల్ పై తొడుగు ఆనే చోట ఆ రేకు పగిలి ఉంది. నా కాలి బలమంతా రేకును వంచడానికే పోతోంది తప్ప క్లచ్‌ను విడిపించడం లేదు. వెల్డింగ్ చేసి ఒక పట్టీ వేస్తే గంటలో కారు బాగైంది. ఆయన పత్తి అమ్మిన డబ్బులో నుంచి నాకు ఇచ్చినదంతా ఆ గంట పనికి ముందు నేను చేసిన అనవసరమైన పనికే పోయింది. విడిభాగాల డబ్బు తిరిగి ఇచ్చాను గానీ, ఆయన పోగొట్టుకున్న నాలుగు రోజులను ఇవ్వలేకపోయాను.

గేరు ఎలా పడుతుందో ముందు మనసులో బొమ్మ కట్టుకోవాలి. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ దాని చివర ఉన్న బరువైన చక్రం, ఫ్లైవీల్, తిరుగుతూనే ఉంటుంది. దానికీ ప్రెషర్ ప్లేటుకూ నడుమ క్లచ్ ప్లేటు నొక్కుకొని ఉంటుంది. ఆ ప్లేటు నడుమ ఉన్న గాడుల్లో గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ కూర్చుంటుంది. మనం పెడల్ పూర్తిగా తొక్కితే ప్లేటు విడిపడి, ఇంజిన్‌తో సంబంధం తెగిన ఆ షాఫ్ట్ నెమ్మదించాలి. లోపల ముందుకు పోయే గేర్ల పళ్లు ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి. గేరు రాడ్డు చేసే పని ఒక స్లీవును జరిపి, కావలసిన గేరును దాని షాఫ్టుకు తాళం వేసినట్టు బిగించడం మాత్రమే. రెండింటి వేగం సమానమైతేనే ఆ తాళం చప్పుడు లేకుండా పడుతుంది. వేగాన్ని సమానం చేసేది సాధారణంగా ఇత్తడితో చేసే సింక్రో రింగు. 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లతో ఈ ఏర్పాటు రాకముందు ప్రతి డ్రైవరూ ఆ పనిని తన కాలితోనూ చెవితోనూ చేసుకోవలసి వచ్చేది.

ఈ బొమ్మ మనసులో ఉంటే మొదటి పరీక్ష ఏమిటో తనంతట తానే తడుతుంది. ఇంజిన్ ఆపి, పెడల్ తొక్కి, గేర్లన్నీ ఒక్కొక్కటిగా వేసి చూడాలి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు కూడా రాడ్డు మొరాయిస్తుంటే లేదా ఏ గేరు ఎక్కడుందో చేతికి తెలియనంతగా ఊగుతుంటే, క్లచ్‌ను అనుమానించనక్కర లేదు. రాడ్డు నుంచి గేర్‌బాక్స్ దాకా ఉన్న కేబుళ్లు, వాటి చివరి బుష్‌లు, సెలెక్టర్ భాగాలు చూడాలి. అరిగిపోయిన ఒక చిన్న ప్లాస్టిక్ బుష్ వల్ల గేర్లన్నీ తప్పుతున్న కార్లను నేను ఎన్నో చూశాను. అయితే ఆగి ఉన్న కారులో ఏదో ఒక గేరు పడనంత మాత్రాన తప్పు పట్టకండి. పళ్ల కొనలు ఎదురెదురుగా నిలిచి ఉండవచ్చు. కారును ఒక జానెడు నెట్టి మళ్లీ వేయండి.

ఇంజిన్ ఆపినప్పుడు అన్నీ మెత్తగా పడి, స్టార్ట్ చేశాక మాత్రం ఫస్టు, రివర్సు పడకపోతే అది క్లచ్ పూర్తిగా విడవకపోవడమే అనుకోవాలి. దీన్ని రూఢి చేసుకోవడానికి రివర్స్ గేరును మించిన సాక్షి లేదు, ఎందుకంటే చాలా కార్లలో రివర్సుకు సింక్రో రింగు ఉండదు. చదును నేల మీద హ్యాండ్ బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో ఇంజిన్‌ను నిదానంగా తిరగనిచ్చి, పెడల్ అడుగుదాకా తొక్కి, మనసులో 5 అంకెలు లెక్కపెట్టి, అప్పుడు మెల్లగా రివర్స్ వేయండి. ఆ 5 అంకెల వ్యవధిలో షాఫ్ట్ ఆగిపోయి ఉండాలి. అప్పుడు కూడా గర్రుమంటే ఇంజిన్ ఇంకా దాన్ని ఈడుస్తోందని అర్థం.

ఇక్కడ తొందరపడి క్లచ్ ప్లేటు పోయిందని చెప్పేవారు చాలామంది ఉన్నారు. నేను ముందు పెడల్ కింద మ్యాట్ మడత పడిందేమో చూస్తాను. కేబుల్ క్లచ్ అయితే పెడల్ ఆట, అంటే క్లచ్ కదలకముందు పెడల్ ఊరికే దిగే దూరం, ఎంత ఉందో, కేబుల్ పోగులు తెగుతున్నాయేమో, పై తొడుగు ఆనే చోటు గట్టిగా ఉందో లేదో చూస్తాను. ఆయిల్‌తో పనిచేసే క్లచ్ అయితే పెడల్‌ను వరుసగా మూడు నాలుగు సార్లు కొట్టి మళ్లీ గేరు వేయమంటాను. అలా కొట్టినప్పుడు గేరు మెత్తగా పడితే పైపులో గాలి చేరిందనో, పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్ లేదా గేర్‌బాక్స్ దగ్గరి స్లేవ్ సిలిండర్ సీలు వదిలేస్తోందనో తెలుస్తుంది. చాలా కార్లలో బ్రేకుకూ క్లచ్‌కూ ఆయిల్ డబ్బా ఒకటే. క్లచ్ పైపు కాస్త పై నుంచి తీసి ఉంటుంది కాబట్టి ఆయిల్ తగ్గితే ముందు క్లచ్ మొరాయిస్తుంది, బ్రేకు నిలుస్తుంది. కనుక అలాంటి కారులో క్లచ్ ఆయిల్ తగ్గిందంటే డబ్బా నింపి పంపించడం తప్పు, ఎక్కడ కారుతోందో కనిపెట్టే దాకా బండిని వదలకూడదు. ఇవన్నీ బాగుండి కూడా రివర్స్ గర్రుమంటేనే ప్లేటు వంగిందా, గాడుల్లో తుప్పు పట్టి ఇరుక్కుందా, ప్రెషర్ ప్లేటు వేళ్లు అరిగాయా అని చూడటానికి గేర్‌బాక్స్ దించాలి.

వేళను కూడా అడగండి. పొద్దున మొదటి కిలోమీటరు రెండు కిలోమీటర్లు రాడ్డు బిగుసుకొని, తర్వాత సర్దుకుంటే గేర్ ఆయిల్ చిక్కగా ఉందేమో చూడాలి. పొద్దున బాగుండి, మే నెలలో మధ్యాహ్నం మన నల్గొండ ఎండలో క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్‌లో పదిసార్లు క్లచ్ తొక్కాక పడకపోతే నా చూపు సిలిండర్ల సీళ్ల మీదికి, నీరు పీల్చుకొని పాడైన క్లచ్ ఆయిల్ మీదికి పోతుంది.

ఒక్క గేరే కొడుతూ తక్కినవన్నీ బాగుంటే అప్పుడు తప్పు లోపలే. ఎక్కువగా అది సెకండ్ గేరు అవుతుంది, ఊళ్లలో ఎక్కడం దిగడం దాని మీదనే కాబట్టి. థర్డ్ నుంచి సెకండ్‌కు దించేటప్పుడు న్యూట్రల్‌లో ఒకసారి క్లచ్ వదిలి, కొంచెం ఆక్సిలరేటర్ ఇచ్చి, మళ్లీ తొక్కి గేరు వేసి చూడండి. అలా చేస్తే చప్పుడు లేకుండా పడుతోందంటే రింగు చేయవలసిన పనిని మీ కాలు చేసింది, రింగు అరిగిందన్నమాట.

ఇక అన్నిటికన్నా నన్ను భయపెట్టేది, పడిన గేరు తనంతట తాను జారి న్యూట్రల్‌లోకి రావడం. మన్ననూరు దాటి నల్లమలలో శ్రీశైలం వైపు దిగేటప్పుడు ఆక్సిలరేటర్ వదిలి సెకండ్‌లోనో థర్డ్‌లోనో ఇంజిన్ పట్టు మీద బండిని దించుతాం. మలుపు మధ్యలో ఆ గేరు జారితే భారమంతా అప్పటికే వేడెక్కిన బ్రేకుల మీద పడుతుంది. ఈ ఫిర్యాదుతో వచ్చిన బండిని గేరు బాగు చేయకుండా ఘాట్ రోడ్డుకు పంపవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. ఆక్సిలరేటర్ ఇచ్చి వదిలినప్పుడల్లా గేరు రాడ్డు కూడా ముందుకూ వెనక్కూ కదులుతుంటే ముందు ఇంజిన్ మౌంటింగులు చూడండి. అవి తెగితే ఇంజిన్ ఊగి గేరును బయటికి లాగేస్తుంది. కేబుల్ సర్దుబాటు తప్పినా స్లీవు పూర్తిగా లోపలికి పోదు. అవి బాగుంటే గేరును పట్టి ఉంచే స్ప్రింగు, గుండు, స్లీవును జరిపే ఫోర్క్, అరిగి గుండ్రబడిన పళ్లు అనుమానించాలి. ఫోర్క్ అరగడానికి మన అలవాటు కూడా ఒక కారణం. కేతేపల్లి నుంచి చౌటుప్పల్ దాకా రాడ్డు మీద చెయ్యి ఆనించి నడిపే డ్రైవర్లు ఉన్నారు. ఆ చేతి బరువు లోపల తిరుగుతున్న స్లీవు మీద ఫోర్క్‌ను నొక్కుతూనే ఉంటుంది.

చప్పుళ్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. న్యూట్రల్‌లో వినిపించే మోత పెడల్ తొక్కితే ఆగిపోతే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగు, పెడల్ తొక్కినప్పుడే మొదలైతే క్లచ్‌ను విడిపించే రిలీజ్ బేరింగు చూడండి.

గేర్ ఆయిల్ చూడాలనుకుంటే ముందు నింపే బోల్టు వదులు చేసి, ఆ తర్వాతే కింది బోల్టు విప్పండి. పైది బిగుసుకుపోయి, కిందిది విప్పేసి ఉంటే బండి అక్కడే నిలిచిపోతుంది. ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే నీరు చేరింది, వానాకాలంలో పొంగిన వాగులు దాటిన బండ్లలో ఇది జరుగుతుంది. పసుపు మెరుపు రింగుల ఇత్తడిది. ఉక్కు పెచ్చులు కనబడితే పళ్లో బేరింగులో విరిగాయి. కంపెనీ పుస్తకం జీఎల్-4 రకం గేర్ ఆయిల్ అడిగితే, పెద్ద అంకె మంచిదనుకొని జీఎల్-5 పోయకండి. అందులోని గంధకం, భాస్వరం మందులు కొన్ని రకాల్లో ఇత్తడిని తినవచ్చు, ఆ జారుడుకు రింగు పట్టు కూడా తగ్గవచ్చు.

బయట మైదానంలో మూడు కార్లు నిలిపి ఉంచాను. ఒకదానిలో క్లచ్ కేబుల్ వదులు చేశాను, ఒకదాని గేరు కేబుల్ బుష్ తీసేశాను, మూడోదానిలో సెకండ్ రింగు నిజంగానే అరిగి ఉంది. ఏది ఏదో చెప్పను. పానాలు ఇక్కడే వదిలి ఇద్దరిద్దరుగా రండి, ఒకరు పెడల్ తొక్కండి, ఇంకొకరు బానెట్ దగ్గర నిలబడి చూడండి.