తీగలు కూల్చిన గోడలు కావవి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా తలుచుకుంటే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది, మన్నించాలి. ప్రదర్శన ప్రారంభించమని పిలిచారు, ప్రారంభిస్తాను. ముందు ఒక పాత కోపం తీర్చుకోనివ్వండి.

తెర మీద ఉన్నది ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ వేసిన నీటిరంగుల బొమ్మ. బ్రిటన్‌లోని వేల్స్‌లో, వై నది ఒడ్డున ఉన్న టింటర్న్ అనే క్రైస్తవ మఠం. టర్నర్ పదిహేడేళ్ల వయసులో, 1792లో, అక్కడికి వెళ్లాడు. 1794లో లండన్‌లోని కళాసంస్థ రాయల్ అకాడమీలో ప్రదర్శించాడు. ఆ కమాను అంచు చూడండి. రాయి ఎక్కడ ఆగిందో, ఆకు ఎక్కడ మొదలైందో తేల్చడం కష్టం. కప్పు లేదు, ఆకాశమే. కింద మనుషులు చీమలంత. ఇలాంటి బొమ్మలు చూపించి, తీగలే గోడలను కూల్చాయని, కాలమహిమ అని నిట్టూర్చే ఉపన్యాసాలు నేను చాలా విన్నాను. మీరూ వినే ఉంటారు.

కప్పు తీసింది కాలమా? 1131లో సిస్టర్షియన్లనే క్రైస్తవ సన్యాసులకోసం వెలసిన మఠం అది. 1536లో ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ దాన్ని మూయించి ఆస్తి లాక్కున్నాడు. కప్పు మీది సీసం రేకులు ఊడదీశారు. ఆ తర్వాతే వాన, వాన తర్వాత తీగ. దొంగలు పడ్డ ఇంటికి పరామర్శకు వచ్చిన చుట్టాన్ని పట్టుకుని నువ్వే దోచావన్నట్టుంది మన రసికుల వరస.

ఇక గిల్పిన్ సంగతి. ఈయన ఇంగ్లండు మతాచార్యుడు. 1770లో వై నది మీద పడవలో తిరిగి, 1782లో పుస్తకం వేశాడు. స్కెచ్చు పుస్తకాలు పట్టుకుని జనం అటు పరుగెత్తడానికి అదో పెద్ద కారణం. ఆయన మాటల్లో, టింటర్న్ గోడల కొసలు మరీ తీరుగా ఉన్నాయట, సుత్తితో ఒడుపుగా నాలుగు దెబ్బలు వేస్తే అందం వస్తుందట! నవ్వుతున్నారు గాని, అదే పుస్తకంలో ఒక పేదరాలు ఉంది.

సన్యాసుల గ్రంథాలయం చూపిస్తానని ఆమె గిల్పిన్‌నూ వెంట ఉన్నవాళ్లనూ పిలిచింది. కాళ్లు పడిపోయాయి, రెండు కర్రల మీద ఈడ్చుకుంటూ నడిచింది. దురదగొండి మొక్కలు, ముళ్లపొదలు దాటించి ఒక పాడుబడ్డ గదిలోకి తీసుకెళ్లింది. అక్కడ పుస్తకాలు లేవు. అది ఆమె ఇల్లు. మట్టి నేల అడుగు వేస్తే దిగబడుతోంది. గోడల వెంట చెమ్మ రంగురంగుల చారలుగా కారుతోంది. తడి తగలకుండా మంచాన్ని గది నడిమధ్యకు లాక్కుంది. మంచం మీద చింకిపాతలు. ఆమె ఇంకా బతికి ఉండడమే గిల్పిన్‌కు ఆశ్చర్యమనిపించింది.

అయ్యా, అమ్మా, ఆ గోడల మీది పచ్చటి మరకలనేగా మనం అందమంటున్నది! ఆ తడికేగా ఆమె కాళ్లు పోయింది!

జర్మన్ చిత్రకారుడు ఫ్రెడరిక్ గురించి చాలా రాసుకొచ్చాను, ఇప్పుడు కుదరదు. ఒక్కటే చెబుతాను. జర్మనీలో ఆయన సొంత ఊరి దగ్గరి ఎల్డెనా మఠం ఇటుకలనూ మనుషులే కోటగోడల కోసం మోసుకుపోయారు. కానీ 1825 ప్రాంతంలో వేసిన బొమ్మలో, శిథిలాన్ని ఆనుకుని ఉన్న చిన్న గుడిసెను ఆయన వదల్లేదు. గుడిసె ముందు మనుషులనూ వదల్లేదు.

లోపల మన పిల్లలు వేసిన కోటగోడల బొమ్మలున్నాయి, రావి మొక్కలు బ్రహ్మాండంగా వేశారు. వేసినవాళ్లు బొమ్మల పక్కనే నిలబడతారు. ఆ రాళ్లు ఎవరు పట్టుకుపోయారో, ఆ గోడ వెనక ఎవరి కాపురం ఉందో అడగండి. మొహమాటపడకండి, నేనూ అడుగుతాను. కత్తెర ఇటివ్వండి.