ఆస్టియోపాత్ చెయ్యి వేయకముందే మీరు చెప్పాల్సినవి

అందరికీ నమస్కారం.

నడుం పట్టేసినా, మెడ తిప్పలేకపోయినా బ్రిటన్‌లో ఎవరో ఒకరు ఆస్టియోపాత్ పేరు చెబుతారు. వెళ్లేముందు ఆయన ఎవరో తెలియాలి. ఆస్టియో అంటే ఎముక కదా అని, ఇది పుత్తూరు కట్టు లాంటిదని అనుకునేవాళ్లు మనలో ఉన్నారు. కాదు. విరిగిన ఎముకకు ఆస్టియోపాత్ కట్టు కట్టడు. కిందపడి మణికట్టు వాచిందంటే వెళ్లాల్సింది ఆస్పత్రికి, ఎక్స్‌రేకి. అమెరికాలో ఉన్న మీ బావగారు "మా ఫ్యామిలీ డాక్టర్ డీఓనే" అంటే అదీ వేరు. డీఓ అంటే అక్కడి ఆస్టియోపతి డాక్టరు. 1874లో ఆండ్రూ టేలర్ స్టిల్ అనే అమెరికన్ వైద్యుడు మొదలుపెట్టిన ఈ పద్ధతి, అక్కడ పూర్తిస్థాయి వైద్యవిద్యలో కలిసిపోయింది. అక్కడి డీఓలు మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు. బ్రిటన్‌లో ఆస్టియోపాత్ మందులు రాయరు. కండరాలనూ కీళ్లనూ చేత్తో పరీక్షించి, నొక్కి, సాగదీసి, కదిలించి, ఇంట్లో చేసుకోవాల్సిన వ్యాయామాలు నేర్పుతారు.

ఇక్కడ 1993 నాటి ఆస్టియోపాత్స్ చట్టం ప్రకారం, జనరల్ ఆస్టియోపతిక్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు లేనివాళ్లు ఆ బిరుదు పెట్టుకోవడం నేరం. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూస్తే తెలిసిపోతుంది, పైసా ఖర్చు లేదు. ఇండియాలో ఇలాంటి ప్రత్యేక మండలి లేదు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఆ బోర్డు కనిపిస్తే అసలు డిగ్రీ ఏమిటని అడగాలి. ఫిజియోథెరపీ డిగ్రీ చదివి, దాని మీద ఇది నేర్చుకున్నవాళ్లయితే సరే. వారాంతపు కోర్సు సర్టిఫికెట్ ఒక్కటే గోడకు వేలాడుతుంటే వెనక్కి రావడమే మంచిది.

అపాయింట్‌మెంట్‌కు జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్, ఉత్తరం అక్కర్లేదు. ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్ డబ్బుతో దొరికే చోట్లు తక్కువ కాబట్టి చాలామందికి ఖర్చు చేతినుంచే. ప్రైవేటు ఇన్సూరెన్సు ఉంటే ముందుగా ఆ కంపెనీకి ఫోన్ చేయండి, కొన్ని కంపెనీలు జీపీ రిఫరల్ ఉంటేనే చెల్లిస్తాయి. మొదటి విజిట్ సాధారణంగా 45 నిమిషాల నుంచి గంట, తర్వాతివి అరగంట. రెండింటి ఫీజూ బుక్ చేసేటప్పుడే అడగండి, మొదటిది ఎక్కువ ఉంటుంది.

బట్టల సంగతి. వెన్నెముక కదలిక కనిపించాలి కాబట్టి కొన్ని చోట్ల లోదుస్తుల వరకు విప్పమంటారు. ఇష్టం లేకపోతే ఫోన్‌లోనే చెప్పండి, వదులు నిక్కరూ బనియనూ వేసుకున్నా పరీక్ష సాగుతుంది. అమ్మను తీసుకెళ్తుంటే చీర కంటే వదులు పైజామా నయం. చీరలో ముందుకు వంగమంటే ఆవిడ కుచ్చిళ్లు పట్టుకుంటుంది, నడుం ఎంత వంగుతోందో తేలదు. ఆడ ఆస్టియోపాత్ కావాలనీ, గదిలో తోడు ఉండాలనీ అడగొచ్చు. అందులో మొహమాటపడాల్సింది లేదు.

ఇక అసలు విషయానికి వద్దాం. మొదటి గంటలో సగం మాటలకే పోతుంది. డబ్బు పెట్టి వచ్చింది కబుర్లకా అని విసుక్కోకండి. మీ ఒంటి మీద చెయ్యి వేయొచ్చా లేదా అన్నది తేలేది అక్కడే. ఏమీ అడక్కుండా బల్ల ఎక్కమన్న ఆస్టియోపాత్ దగ్గర ఎక్కకపోవడమే మేలు.

మందుల చీటీలు కాదు, మందులే సంచిలో వేసుకుని వెళ్లండి, ఇండియా నుంచి తెచ్చుకున్న ఆయుర్వేదం పొడులతో సహా. వార్ఫరిన్, అపిక్సబాన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లకు గట్టిగా నొక్కితే లోపల రక్తం కమ్మొచ్చు. ఆస్తమాకో కీళ్లవాతానికో ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగినవాళ్ల ఎముకలు గుల్లబారి ఉండొచ్చు, ఒక్క కుదుపుకు వెన్నుపూస నొక్కుకుపోతుంది. గౌట్ వచ్చి మంటెత్తుతున్న కీలును అసలు ముట్టుకోకూడదు. పదేళ్ల కిందట తగ్గిపోయింది కదా అని రొమ్ము క్యాన్సర్ సంగతి చెప్పనివాళ్లు ఉంటారు. ఆ క్యాన్సర్ తిరగబెడితే చేరే చోట్లలో వెన్నెముక ఒకటి. అందుకే చెప్పాలి.

మనవాళ్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి క్షయ. దక్షిణాసియాలో పుట్టినవాళ్లలో అది ఎక్కువ, ఊపిరితిత్తులకే కాదు వెన్నుపూసకూ వస్తుంది. నడుంనొప్పితో పాటు సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే మర్దనతో కాలయాపన చేయకుండా జీపీ దగ్గరికి వెళ్లాలి. రెండోది విటమిన్ డి. ఇక్కడి ఎండ మన చర్మానికి చాలదు. ఒళ్లంతా సలుపు, తుంటి దగ్గర నొప్పి, మెట్లు ఎక్కలేకపోవడం ఆ లోపం వల్ల కూడా వస్తాయి. దాన్ని ఏ చేతివైద్యమూ తగ్గించలేదు. మనలాంటి ఒంటిరంగు ఉన్నవాళ్లు ఏడాది పొడుగునా రోజుకు 10 మైక్రోగ్రాములు వేసుకోవడం గురించి ఆలోచించాలని ఇక్కడి ప్రభుత్వ సలహా.

నొప్పిని చెప్పేటప్పుడు "చాలా నొప్పి" అంటే ఉపయోగం లేదు. ఎక్కడ మొదలై ఎక్కడిదాకా లాగుతోంది? పిర్ర దగ్గర ఆగుతోందా, మడమ దాకా జివ్వుమంటోందా? తిమ్మిరా, గిల్లినా తెలియనంత మొద్దుబారిందా? తిమ్మిరి వచ్చిపోయేదే కావచ్చు. స్పర్శ పోయిందంటే నరం పని చేయడం లేదేమో చూడాలి. దగ్గితే పెరుగుతోందా, పడుకున్నా తగ్గడం లేదా అన్నదీ చెప్పండి.

ఇంగ్లీషు రాని పెద్దవాళ్లకు కొడుకో కోడలో మాట అందిస్తారు. అక్కడ ఒక చిక్కు ఉంది. "మూత్రం పోయడంలో ఇబ్బంది ఉందా" అని అడిగితే అత్తగారు కోడలి ముందు "ఏం లేదమ్మా" అనేస్తుంది. నిజానికి అది మొత్తం వైద్యాన్నే మార్చే జవాబు. ఇలాంటి ప్రశ్నలు ఉంటాయని ఇంట్లోనే, ఆవిడతో చనువున్న మనిషి ముందుగా అడిగి పెట్టుకోవాలి.

హైదరాబాద్‌లో తీయించిన ఎంఆర్ఐ ఉంటే పట్టుకెళ్లండి, కానీ అందులో "డిస్క్ బల్జ్", అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్త ఉబ్బింది, అని ఉందని బెంబేలు పడకండి. ఏ నొప్పీ లేనివాళ్ల స్కాన్లను పరిశీలించిన అధ్యయనాలన్నీ కలిపి చూసిన 2015 నాటి సమీక్షలో, ఇరవై ఏళ్లవాళ్లలో 30 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 84 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది.

పరీక్ష అయ్యాక, తన అంచనా ఏమిటో, ఏం చేయబోతున్నారో, ప్రమాదం ఏమిటో చెప్పి మీ అనుమతి తీసుకోవాలి. ఒకసారి సరే అన్నా మధ్యలో వద్దనే హక్కు మీకుంది. కొందరికి కీలును ఒక్క విసురుతో తిప్పుతారు, టక్కున చప్పుడవుతుంది. జారిన ఎముక సర్దుకున్న చప్పుడు కాదది. కీలు మధ్య ద్రవంలో ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి వాయువు బుడగ కట్టడం వల్ల వస్తుంది. చప్పుడు రాకపోతే వైద్యం జరగలేదనుకోనక్కర్లేదు.

మెడ విషయంలో మరింత జాగ్రత్త. మెదడుకు రక్తం మోసుకెళ్లే రెండు ధమనులు మెడ పూసల్లోని రంధ్రాల గుండా పైకి వెళ్తాయి. వాటి లోపలి పొర చిరిగితే పక్షవాతం రావచ్చు. చాలా అరుదే, కానీ ఆ చిరుగు మొదట మామూలు మెడనొప్పిలా, తలనొప్పిలా కనిపిస్తుంది. అందుకే ముందు బీపీ చూస్తారు, కళ్లు తిరుగుతున్నాయా, ఒకటి రెండుగా కనిపిస్తోందా, మాట తడబడుతోందా, మింగడం కష్టంగా ఉందా అని అడుగుతారు. అలాంటివి ఉంటే ఫోన్ చేయాల్సింది అత్యవసర నంబరు 999కి. మెడకు విసురు వద్దంటే నెమ్మదిగా కదిలించే పద్ధతులున్నాయి. సెలూన్‌లో మెడ విరిపించుకునే అలవాటు ఉన్నవాళ్లు కూడా ఈ ధమనుల సంగతి ఒకసారి తలుచుకోవాలి.

ఇంటికొచ్చాక ఒకటి రెండు రోజులు ఒళ్లు నొప్పిగా, బిగుసుకున్నట్టు ఉండటం మామూలే. మంచం ఎక్కకండి, నడవండి. అయితే మర్మావయవాల చుట్టూ, తొడల లోపలి వైపు స్పర్శ తగ్గినా, మూత్రం రాకపోయినా, మలమూత్రాల మీద అదుపు తప్పినా, రెండు కాళ్లూ బలహీనపడినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. వెన్ను చివరి నరాల కట్ట నలుగుతున్న గుర్తులవి, ఆలస్యమైతే ఆపరేషన్ చేసినా పూర్తిగా తిరిగిరాకపోవచ్చు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు బిల్లు పడుతుందని వెనకాడేవాళ్లున్నారు. ఇంగ్లండ్‌లో ఎమర్జెన్సీ విభాగంలో చూసినందుకు వాళ్ల దగ్గరా డబ్బు తీసుకోరు. వార్డులో చేర్చుకుంటేనో, తర్వాత ఔట్‌పేషెంట్‌గా రమ్మంటేనో చార్జీలు మొదలవుతాయి.

ఎన్ని సిట్టింగులు? ఇక్కడ వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ 2016లో ఇచ్చిన నడుంనొప్పి మార్గదర్శకాల్లో చేతివైద్యానికి చోటుంది, కానీ వ్యాయామంతో కలిపిన చికిత్సలో భాగంగా మాత్రమే. కాబట్టి వ్యాయామం నేర్పకుండా "వారం వారం రండి" అంటే, పన్నెండు సిట్టింగుల ప్యాకేజీ ముందే కొనమంటే ఒప్పుకోవద్దు. మూడు నాలుగు సార్లయినా మార్పు లేకపోతే "ఇప్పుడు మీ అంచనా ఏమిటి, జీపీకి రాస్తారా" అని అడగండి. ఆస్తమా, చంటిపిల్లల ఏడుపు కూడా తగ్గిస్తామంటే నమ్మకండి, వాటికి తగిన రుజువులు లేవు.

పెద్దవాళ్లు ఆరు నెలలు ఉండి తిరుగు ప్రయాణం కడుతుంటే, ఆస్టియోపాత్ దగ్గర పరీక్షలో తేలినవీ, చేసిన చికిత్సా, చెప్పిన వ్యాయామాలూ ఒక కాగితం మీద రాయించుకోండి. అక్కడి ఫిజియోథెరపిస్టు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే పని తప్పుతుంది. ఇక మీ ప్రశ్నలు అడగండి.