మూత తీయని సీసా

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీద రెండు పెట్టాను, చూశారు కదా. ఒకటి కుండీలో మెయిడెన్‌హెయిర్ ఫెర్న్. నల్లటి సన్నని కాడలు, గాలి తగిలితే వణికే చిట్టి ఆకులు. మొక్కలు పెంచేవాళ్ళకు దీన్ని పరిచయం చేయక్కర్లేదు. రెండోది మూత బిగించిన గాజు సీసా. దాని సంగతి తర్వాత. ముందు ఈ కుండీలో ఉన్న ముద్దుల మొక్క మీద ఒక నేరం మోపాలి.

నేరం జరిగిన చోటు అసెన్షన్ ద్వీపం. దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రంలో, ఆఫ్రికాకీ దక్షిణ అమెరికాకీ నడుమ, సుమారు 88 చదరపు కిలోమీటర్ల అగ్నిపర్వతపు దిమ్మ. బ్రిటన్ పాలనలో ఉంది. వయసు దాదాపు 10 లక్షల ఏళ్ళు, అంటే భూమి లెక్కలో పసిపిల్ల. అది ఏ ఖండం నుంచీ విడిపోయిన ముక్క కాదు. కాబట్టి అక్కడ మొలిచిన ప్రతి మొక్క పూర్వీకులూ సముద్రం దాటే వచ్చి ఉండాలి. గింజకి అది కష్టమైన ప్రయాణం. ఫెర్న్‌లకు గింజలుండవు. ధూళిలాంటి సిద్ధబీజాలుంటాయి, అవి గాలిని పట్టుకుని ఎంత దూరమైనా పోతాయి. అందుకే ప్రపంచంలో ఇంకెక్కడా లేని ఆ ద్వీపపు సొంత మొక్కల్లో ఎక్కువ భాగం ఫెర్న్‌లే.

వాటిలో అతి చిన్నవాటిలో ఒకటి అనోగ్రామా అసెన్షనిస్. వాడుకలో పార్స్లీ ఫెర్న్. కొన్ని సెంటీమీటర్ల మొక్క, చూస్తే కొత్తిమీర రెమ్మే అనుకుంటాం. గ్రీన్ మౌంటెన్ అని 859 మీటర్ల కొండ ఉంది అక్కడ. ఆ కొండ మీద పొగమంచు తగిలే రాళ్ళ పగుళ్ళే దాని ఇల్లు. పక్కన ఏదైనా పెద్ద మొక్క లేస్తే దానికి వెలుతురూ ఉండదు, చోటూ ఉండదు.

1500ల తొలినాళ్ళలో పోర్చుగీసు ఓడలవాళ్ళు మేకల్ని వదిలారు. అవి మూడు వందల ఏళ్ళకు పైగా మేశాయి. 1815లో, నెపోలియన్‌ని సెయింట్ హెలెనా అనే ఇంకో ద్వీపంలో బంధించినప్పుడు, ముందుజాగ్రత్తగా బ్రిటిష్ సేన ఇక్కడ దిగింది. వాళ్ళకు నీళ్ళ కరువు. 1843లో జోసెఫ్ హుకర్ అనే వృక్షశాస్త్రవేత్త వచ్చి, కొండ మీద చెట్లు నాటితే తేమ నిలుస్తుందని సలహా ఇచ్చాడు. 1850ల నుంచి ఓడల మీద మొక్కలు దిగాయి. బోడికొండ పచ్చబడింది, పేరుకు తగ్గట్టే. ఆ పచ్చదనం మధ్యే చిన్న ఫెర్న్ కనబడకుండా పోయింది. దాని పగుళ్ళలోకి దూరినవాటిలో ముఖ్యమైనది ఇదిగో, కుండీలోది. బయటి నుంచి వచ్చిన ఫెర్న్ ఇంట్లో ఉన్న ఫెర్న్‌ని గెంటేసింది.

అలాగని చెట్లన్నీ నరికేద్దామా? అంత సులువు కాదు. అదే ద్వీపానికి చెందిన ఇంకో చిన్న ఫెర్న్ ఇప్పుడు ఆ పరాయి చెట్ల మీద పట్టిన నాచులోనే బతుకుతోంది. ఒకదాన్ని చంపిన చెట్టే ఇంకోదానికి ఆసరా అయింది. ఇలాంటి చోట గొడ్డలి పట్టుకున్న ఉత్సాహవంతుణ్ణి చూస్తే నాకు టెన్షన్.

మన పార్స్లీ ఫెర్న్‌ని ఆఖరుసారి చూసింది 1958లో. 2003లో అంతరించిందని ప్రకటించారు. 2009లో స్టెడ్సన్ స్ట్రౌడ్, ఫిల్ ల్యాంబ్డన్ అనే ఇద్దరు గ్రీన్ మౌంటెన్ ఏటవాలు మీద వెతుకుతుంటే ఒక మొక్క కనిపించింది. తర్వాత దగ్గర్లోనే ఇంకో మూడు. మొత్తం నాలుగు. వాళ్ళు వాటిని పీకి కుండీలో పెట్టలేదు. నేనైతే ఆ సంతోషంలో ఏం చేసేవాణ్ణో చెప్పలేను. వాళ్ళు మాత్రం చుట్టూ కలుపు తీశారు, ఆ ఏటవాలుకు నీళ్ళు మోసి పోశారు, సిద్ధబీజాలు ముదిరేదాకా కాచుకున్నారు. అప్పుడు ఆకు ముక్కలు కోసి శుద్ధిచేసిన డబ్బాలో పెట్టి విమానం ఎక్కించారు. 24 గంటల్లో అవి లండన్ క్యూ ఉద్యానవనానికి చేరాయి. అక్కడి ప్రయోగశాలలో వాటి నుంచి పదుల కొద్దీ మొక్కలు లేచాయి.

ఫెర్న్ పెంపకంలో చిక్కంతా ఇక్కడుంది, కాస్త ఓపిక పట్టండి. సిద్ధబీజం మొలిస్తే వెంటనే ఫెర్న్ రాదు. గోరంత కూడా లేని పచ్చటి పొర వస్తుంది, చాలా ఫెర్న్‌లలో హృదయం ఆకారంలో ఉంటుంది. దాని మీదే మగ కణాలూ, అండాలూ తయారవుతాయి. మగ కణం నీటి పొరలో ఈదుకుంటూ అండాన్ని చేరితేనే అసలు మొక్క. ఒక్క రోజు ఎండిపోయినా పని చెడినట్టే. మరీ తడిగా ఉంచితే బూజు ముంచేస్తుంది. పైగా గాల్లో ఎప్పుడూ వేరే ఫెర్న్‌ల సిద్ధబీజాలు తిరుగుతూనే ఉంటాయి. మొదటిసారి నేను చల్లింది ఒకటి, మొలిచింది ఇంకొకటి. నెలల తరబడి నీళ్ళు చిలకరించి, లేబుల్ రాసి, గర్వంగా చూపించుకున్నాక తెలిసింది. నా విషయంలో అది నవ్వుకునే సంగతి. నాలుగే మొక్కలున్న జాతి విషయంలో అదే పొరపాటు జరిగితే, తప్పుడు మొక్కని మోసుకెళ్ళి కొండ మీద నాటుతారు.

ఇంకో ప్రమాదం కంటికి కనబడదు. ఒకే పొర మీది మగ కణం, అదే పొర మీది అండంతో కలిస్తే, పుట్టే మొక్కలో జన్యువులన్నీ అచ్చంగా జంటలుగా ఒకటే అవుతాయి. తేడా అన్నదే ఉండదు. అందుకే ఏ తల్లి మొక్క నుంచి ఏ పిల్ల వచ్చిందో విడిగా రాసిపెట్టుకోవాలి. కుండీల సంఖ్య చూసి మురిసిపోతే చాలదు. వంద కుండీలున్నా ఒక్క తల్లివైతే వంశంగా అవి ఒక్కటే. మొక్కలన్నీ ఒకే గదిలో ఉండకూడదన్నది కూడా ఇందుకే, ఒక్క రోగం వస్తే సరి. మట్టితో సహా మొక్కని ద్వీపానికి పంపకూడదు, మట్టిలో ఏ పురుగు దాక్కుందో ఎవరికి తెలుసు? శుద్ధమైన సీసాలో పెంచడానికి అదీ ఒక కారణం.

అరుదైన ఫెర్న్ పెంచాలని మోజుపడేవాళ్ళు మనలో ఉన్నారు, నేనూ ఉన్నాను. అడవి నుంచి తీసిన మొక్క ఎంత ఊరించినా కొనకండి. ఎక్కడి సిద్ధబీజం, ఎవరి అనుమతితో తీశారు అని అడగండి. జవాబు చెప్పలేక నీళ్ళు నమిలితే వచ్చేయండి. ఇంట్లో పెరిగినదాన్ని తీసుకెళ్ళి కొండ మీదో వాగు పక్కనో నాటడం మంచిపని అనుకోకండి. మెయిడెన్‌హెయిర్ కూడా ఎవరో ఇష్టపడి పెంచుకున్న మొక్కే.

ఇక సీసా. ఇందులో మామూలు ఫెర్న్ సిద్ధబీజాలు చల్లి ఆరు వారాలైంది. పచ్చటి పొరలు తేలాయి. కిటికీ దగ్గర పెడతాను, భూతద్దం కూడా ఉంది, ఒక్కొక్కరుగా రండి. మూత మాత్రం తీయకండి.