గర్భసంచి తీయించుకునే ముందు ఒక పరీక్ష: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందుగానే పసిగట్టే పరీక్షల గురించి మీ సందేహాలకు సమాధానం చెప్పడానికి గైనకాలజిస్టు ఒకరు స్టూడియోకు వచ్చారు. మొదటి ఫోన్ నరసరావుపేట నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం మేడమ్. నాకు 38 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. ఆరు నెలలుగా తెల్లబట్ట అవుతోందని ఒకచోట చూపించుకుంటే, గర్భసంచి మూతి దగ్గర పుండు ఉందని, వదిలేస్తే క్యాన్సర్ అవుతుందని, పిల్లలు పుట్టేశారు కాబట్టి గర్భసంచి తీయించేసుకోవడమే మంచిదని చెప్పారు. మా అత్తగారూ, తోడికోడలూ తీయించుకున్నవారే. వచ్చే వారం రమ్మన్నారు. డబ్బు కూడా సర్దుకున్నాం.

డాక్టర్: అక్కడ మీకు ముఖద్వారం కణాలను తీసి చూసే పాప్ స్మియర్ గానీ, ఈ క్యాన్సర్ తెచ్చే వైరస్ ఉందేమో చూసే హెచ్‌పీవీ పరీక్ష గానీ చేశారా అమ్మా?

శ్రోత: లేదు మేడమ్, కడుపు మీద స్కానింగ్ తీశారు.

డాక్టర్: స్కానింగ్‌లో గర్భసంచిలోని గడ్డలు కనబడతాయి గానీ, ముఖద్వారం పైపొరలోని కణాల్లో మొదలయ్యే మార్పు కనబడదు. ఇక పుండు అన్న మాట విషయానికొస్తే, పిల్లలు పుట్టే వయసులో ఉన్న చాలామంది స్త్రీలకు లోపలి మెత్తటి పొర కొంత బయటికి వచ్చి ఎర్రగా కనిపిస్తుంది. అది పుండూ కాదు, క్యాన్సరూ కాదు. తెల్లబట్టకు ఎక్కువసార్లు మామూలు ఇన్ఫెక్షనే కారణం, దానికి మందులున్నాయి. మీ విషయంలో నిజంగా ఏముందో చూడకుండా నేను చెప్పలేను, కానీ పరీక్ష లేకుండా క్యాన్సర్ భయంతో ఆపరేషన్‌కు తేదీ పెట్టుకోవడం సరికాదని మాత్రం చెప్పగలను. గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం మన రెండు రాష్ట్రాల్లోనూ దేశ సగటుకు రెట్టింపు కంటే ఎక్కువ. 30–49 ఏళ్ల మధ్య ఒక్కసారైనా ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవారు 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద వందకు ఇద్దరు కూడా తేలలేదు. చిన్న పరీక్షకు సిగ్గుపడి పెద్దాపరేషన్‌కు సిద్ధపడుతున్నామన్నమాట! పైగా నలభై దాటకముందే అండాశయాలతో సహా తీసేస్తే ముట్లు ఆగిపోవడమే కాదు, ఎముకలూ గుండే కూడా ఆ హార్మోన్ల లోటును మోయాల్సి వస్తుంది.

శ్రోత: పరీక్షకు చాలా నొప్పి ఉంటుందంటారు కదా మేడమ్?

డాక్టర్: నొప్పి కాదమ్మా, కాస్త ఇబ్బంది. పడుకోబెట్టి, స్పెక్యులమ్ అనే పరికరంతో దారి కొద్దిగా తెరిచి, ముఖద్వారాన్ని నేరుగా చూస్తారు. సిరంజీ లేదు, కోత లేదు, మత్తు లేదు. ప్రభుత్వ కేంద్రాల్లో ఎక్కువగా చేసేది, వంటింటి వెనిగర్‌లో ఉండే అసిటిక్ ఆమ్లాన్నే పల్చగా కలిపి, అందులో ముంచిన దూదిని ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగి చూసే పరీక్ష. మార్పు వచ్చిన చోటు ఆ నిమిషంలో తెల్లగా తేలుతుంది. హెచ్‌పీవీ పరీక్షకైతే మెత్తటి బ్రష్‌తో కొద్దిగా స్రావం తీసి ల్యాబ్‌కు పంపుతారు. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) జిల్లాలో లక్షా ముప్పై వేలకు పైగా స్త్రీలతో జరిపిన అధ్యయనంలో, జీవితంలో ఒక్కసారి చేసిన హెచ్‌పీవీ పరీక్షతోనే ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ముందు ఆ పరీక్ష చేయించుకుని, ఫలితంతో మరో గైనకాలజిస్టును కలవండి. నెలసరి రోజుల్లో వెళ్లవద్దు. వెళ్లేముందు రెండు రోజులు లోపల పెట్టే మందులు వాడవద్దు, కలయిక కూడా వద్దు.

వ్యాఖ్యాత: తర్వాతి ఫోన్ హైదరాబాద్ నుంచి.

శ్రోత: నాకు 41 ఏళ్లు. ఆఫీసు ఆరోగ్య పరీక్షల్లో హెచ్‌పీవీ పాజిటివ్ అని వచ్చింది. ఇది కలయిక ద్వారా వస్తుందని చదివినప్పటి నుంచి ఇంట్లో నాకూ మా ఆయనకూ మాటల్లేవు. ఎవరి నుంచి వచ్చింది మేడమ్?

డాక్టర్: ఆ ప్రశ్నకు ఏ ల్యాబూ సమాధానం చెప్పలేదమ్మా. పెళ్లయినవారిలో చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సోకే వైరస్ ఇది. సోకిన వారిలో ఎక్కువమందికి ఒకటి రెండేళ్లలో శరీరమే వదిలించుకుంటుంది. కొందరిలో ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉండి ఇప్పుడు బయటపడుతుంది. కాబట్టి ఈ కాగితాన్ని మీ ఇద్దరిలో ఎవరి మీదా సాక్ష్యంగా వాడకండి. పాజిటివ్ అంటే క్యాన్సర్ కాదు. వదలకుండా ఉండిపోయిన వైరస్ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. మీది 16 లేదా 18 రకమా అన్నది రిపోర్టులో ఉందేమో చూడండి. ఈ క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి ఆ రెండు రకాలే కారణం. ఇప్పుడు చేయించుకోవలసింది కాల్పోస్కోపీ, అంటే ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో దగ్గరగా చూడటం. ముందస్తు మార్పు ఉంటే ఆ భాగాన్ని మాత్రమే వేడితోనో, చలితోనో మాడ్చేస్తారు, లేదా చిన్న ముక్కగా తీసేస్తారు. అదే రోజు ఇంటికి రావచ్చు.

వ్యాఖ్యాత: కరీంనగర్ నుంచి మరొకరు.

శ్రోత: నాకు 59 ఏళ్లు బిడ్డా. మా ఆయన పోయి పన్నెండేళ్లయింది. ఈ వయసులో నాకు కూడా ఈ పరీక్ష అవసరమా అని అడుగుదామని చేశాను.

డాక్టర్: 65 వరకు చేయించుకోవాలమ్మా, భర్త ఉన్నా లేకపోయినా. ముట్లు ఆగిపోయినవారికి ముఖద్వారంలో చూడవలసిన భాగం లోపలికి జరుగుతుంది కాబట్టి, వెనిగర్ పరీక్ష కంటే హెచ్‌పీవీ పరీక్ష నమ్మకమైనది. మీకు ముట్లు ఆగి ఎన్నేళ్లయింది?

శ్రోత: పదేళ్లు దాటింది. అయితే బతుకమ్మ ముందర రెండు రోజులు మరకలాగా కనబడింది. ఎండకు వేడి చేసిందేమో అనుకున్నాను.

డాక్టర్: అమ్మా, ఇక మీరు మామూలు పరీక్షల శిబిరానికి వెళ్లవలసిన పని లేదు. అది ఏ ఇబ్బందీ లేనివారికి. ముట్లు ఆగాక చుక్క రక్తం కనబడినా నేరుగా గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లాలి. ముఖద్వారంతో పాటు గర్భసంచి లోపలి పొరను కూడా చూడాలి. చాలాసార్లు అది చిన్న కారణమే అవుతుంది, కానీ చూశాకే ఆ మాట అనాలి.

శ్రోత: పంట ఇంటికి వచ్చాక పోతాను బిడ్డా.

డాక్టర్: ఈ వారమే వెళ్లండి. ఇంట్లో ఎవరున్నారు?

శ్రోత: కోడలు ఉంది.

డాక్టర్: ఫోన్ ఒక్కసారి ఆమెకు ఇవ్వండమ్మా.