యిర్మీయా పది రోజులు ఆగాడు

ప్రభువు పేరిట మీ అందరికీ వందనాలు.

యూత్ మీటింగుల్లో నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, ఇది దేవుడి స్వరమో నా మనసు మాటో ఎలా తెలుస్తుంది?" ఎవరూ ఊరికే అడగరు. వెనకాల ఒక పెళ్లి సంబంధమో, వీసానో, ఉద్యోగమో ఉంటుంది. ఇంట్లోవాళ్లు రోజూ ఫోన్ చేసి "ఏం ఆలోచించావ్?" అంటుంటారు. టెన్షన్.

సమూయేలును దేవుడు పిలవడం, ఏలీయా విన్న నిమ్మళమైన స్వరం మీకు సండే స్కూల్ నుంచే తెలుసు. ఈ సాయంత్రం యిర్మీయా ప్రవక్త గ్రంథం 42వ అధ్యాయం తెరవండి.

యెరూషలేము కాలిపోయింది. మిగిలిన జనం మీద బబులోను రాజు అధికారిగా పెట్టిన గెదల్యాను ఇష్మాయేలు చంపేశాడు. ఇక బబులోను సైన్యం వచ్చి మన మీద పడుతుందని అందరికీ భయం. సేనాధిపతి యోహానాను వాళ్లను వెంటబెట్టుకుని బయల్దేరాడు. బేత్లెహేము దగ్గర దిగారు. పిల్లా పెద్దా అందరూ యిర్మీయా దగ్గరకు వచ్చి, మా కోసం ప్రార్థన చెయ్యి, మేలైనా కీడైనా దేవుడు చెప్పినట్టే చేస్తాం అని మాటిచ్చారు.

ఎంత మంచి మాట! కానీ ఒక్క పేజీ వెనక్కి తిప్పి 41వ అధ్యాయం చివర చూడండి. ఐగుప్తుకు పోవాలనుకునే అక్కడ దిగారు. మూటాముల్లె సర్దుకుని, సగం దారిలో ఆగి, దేవుణ్ణి అడుగుతున్నారు. మనం మాత్రం? మంటపానికి అడ్వాన్స్ కట్టేశాక అయ్యగారి దగ్గరకు వెళ్లి "దేవుని చిత్తం కోసం ప్రార్థన చేయండి" అంటాం. ఆయన మాత్రం ఏం చేస్తారు పాపం, "ఆమేన్" అంటారు.

ఇప్పుడు 7వ వచనం. పది రోజులయ్యాక దేవుని వాక్కు యిర్మీయాకు వచ్చింది. పది రోజులు! అప్పటికి దాదాపు 40 ఏళ్లుగా దేవుని మాట మోస్తున్న మనిషి ఆయన. బబులోనుకు లోబడి బతకండని ఎన్నో ఏళ్లుగా చెబుతూ వచ్చాడు. ఈ జనానికి ఏం చెప్పాలో ఆయనకు ఒక అభిప్రాయం ఉండే ఉంటుంది. చివరికి దేవుడు చెప్పింది కూడా అదే: ఇక్కడే ఉండండి, భయపడకండి. అయినా తన అభిప్రాయాన్ని మొదటి రోజే తీసి "యెహోవా సెలవిచ్చాడు" అని చెప్పలేదు. జనం కంగారు పడుతున్నా ఆగాడు. నాకైతే ఈ వచనం ఆ అధ్యాయమంతటికీ గుండెకాయ.

హనన్యా అనే ప్రవక్తకు ఆ ఓపిక లేదు. కొన్నేళ్ల ముందు, 28వ అధ్యాయంలో, బబులోను కాడి రెండేళ్లలో విరిగిపోతుందని మందిరంలో అందరి ముందూ ప్రవచించాడు. బబులోనుకు లోబడాలనడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద పెట్టుకున్న కొయ్యకాడిని తీసి విరిచేశాడు కూడా. జనానికి ఎంత నచ్చి ఉంటుందో! యిర్మీయా చెప్పింది మాత్రం 70 ఏళ్లు. డిసెంబర్ 31 రాత్రి వాచ్ నైట్ సర్వీసులో పళ్లెంలోంచి వాగ్దానపు కార్డు తీస్తాం కదా, "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అని. అది యిర్మీయా 29:11. దాని పై వచనంలోనే ఆ 70 ఏళ్లున్నాయి. ఆ వచనాన్ని కార్డు మీద అచ్చు వేయించే సంఘాన్ని నేనింకా చూడలేదు.

కాబట్టి, చెల్లెమ్మా, ఎవరో వచ్చి "మీ అమ్మాయి మా ఇంటి కోడలని దేవుడు చూపించాడు" అన్నారని ఆ రాత్రికే ఒప్పుకోనక్కర్లేదు. దేవుడు చూపించింది నిజమైతే పది రోజుల తర్వాత కూడా నిజమే. త్రోయ పట్టణంలో పౌలుకు, మాసిదోనియకు రమ్మని పిలిచే దర్శనం వచ్చింది. దర్శనం చూసింది పౌలు ఒక్కడే. కానీ అపొస్తలుల కార్యములు 16:10లో "మేము నిశ్చయించుకొని" అని ఉంది. తోటివాళ్లు కూడా కలిసి ఆలోచించారన్నమాట. వాక్యం ముందు పెట్టండి, మీ మొహమాటానికి తలూపని పెద్దల ముందు పెట్టండి. తొందర పెట్టేవాళ్లను అనుమానించండి, బెదిరించేవాళ్లను మరీనూ.

ఇక ప్రార్థనలో మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న అడగండి: దేవుడు "వద్దు" అంటే నేను అడ్వాన్స్ వదులుకుంటానా? ఈ ప్రశ్నకు జవాబు దొరకనంతవరకు స్వరం ఎవరిదన్న ప్రశ్న పెద్దగా పనికిరాదు.

యోహానాను వాళ్లకు ఆ జవాబు ముందే తెలుసు. పది రోజుల తర్వాత యిర్మీయా నోరు విప్పితే, "నువ్వు అబద్ధమాడుతున్నావు, బారూకు నిన్ను ఎగదోశాడు" అన్నారు. బారూకు అంటే యిర్మీయా మాటలు రాసిపెట్టే లేఖకుడు. ఐగుప్తుకే పోయారు, యిర్మీయానూ తీసుకుపోయారు. అక్కడ తహపనేసులో దేవుని వాక్కు మళ్లీ వచ్చింది. అదీ వాళ్లకు నచ్చే మాట కాదు. బబులోను రాజు నెబుకద్రెజరు ఇక్కడికీ వస్తాడని.